కట్టు విప్పిన తరువాత

ఆదోనిలో ఒక డిగ్రీ కాలేజీలో సోషల్ వర్క్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పాఠాల గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. రాయాలనిపించేది ఇంకో పని గురించి. సర్వీసులో చివరి సగమంతా ఆ పనే ఎక్కువ చేశాను. వయసు మళ్లినవాళ్లు ఇళ్లలో ఎంత భద్రంగా ఉంటున్నారు, వాళ్లను ఎవరు ఎలా చూసుకుంటున్నారు అని తెలుసుకునే సర్వేలకు మా విద్యార్థులను సహాయకులుగా తయారుచేసి పంపేదాన్ని. ఆదోని, ఎమ్మిగనూరు, ఆ చుట్టుపక్కల పల్లెలు మా పరిధి.

ఇప్పుడు ఆ పనిలో కొత్తగా చేరే పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తారు. టాబ్ చార్జింగు అయిపోతే ఏం చేయాలి, ముసలాయనకు చెవులు వినపడకపోతే ఎవరిని అడగాలి, కుక్కలున్న వీధిలోకి ఎలా పోవాలి అని అడుగుతారు. తెలిసింది చెప్పి, కాఫీ ఇచ్చి పంపిస్తాను. వాళ్లు గేటు దాటాక, చెప్పాల్సింది ఇది కాదు కదా అనిపిస్తుంది. ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పలేకపోతున్నాను కాబట్టి రాస్తున్నాను. పేర్లు మార్చాను.

గోడ ఎక్కడ పట్టుకుంటారు?

మా మొదటి సర్వేలో మొదటి ప్రశ్న, ఈ ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా అని. దాదాపు అందరూ లేదనేవారు. మోచేతి మీద పక్కు కట్టిన గాయం కనపడుతూనే ఉండేది, అయినా లేదనేవారు. మా పిల్లలు 'లేదు' అన్నచోట నొక్కి తరువాతి ప్రశ్నకు పోయేవారు.

రిజ్వానా అలా పోలేదు. ఆ పిల్ల ఆదోనిలో ఒక టైలరు కూతురు, అప్పుడు డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఎక్కువ మాట్లాడదు. ఒకరోజు ఒక పాత బట్టల వ్యాపారి ఇంటికి నేను కూడా ఆమెతో వెళ్లాను. ఆయన రోజూ మసీదుకు ఒంటరిగా నడిచిపోయే మనిషి. పడ్డారా అని అడగ్గానే ముఖం ముడుచుకున్నాడు. రిజ్వానా టాబ్ పక్కన పెట్టేసి, మసీదుకు పోయేటప్పుడు దారిలో గోడ ఎక్కడెక్కడ పట్టుకుంటారని ఉర్దూలో అడిగింది. ఆయన ముఖం విప్పారింది. గడప దగ్గర, మూల మీద మురుగుకాలువ దాటేటప్పుడు, మసీదు మెట్ల దగ్గర అని వరసగా చెప్పుకొచ్చాడు. ఆ మెట్ల దగ్గర మొన్న కాలు జారిందని కూడా చివర్లో ఆయనే అన్నాడు. ఇంట్లో చెప్పొద్దని బతిమాలాడు. చెబితే ఒంటరిగా బయటికి పోనివ్వరట.

పెద్దవాళ్లు పడ్డామని ఎందుకు ఒప్పుకోరో అలా తెలిసింది. పడటం కంటే, పడ్డారని తెలిశాక ఇంట్లోవాళ్లు చేసేదంటే వాళ్లకు ఎక్కువ భయం. ఆ తరువాత మా ప్రశ్న మార్చుకున్నాం. మీరూ అలాగే అడగండి.

పెద్ద సార్

ఆ సర్వేలను నడిపించినాయన వేరే ఊరి ప్రొఫెసరు. మేమంతా పెద్ద సార్ అనేవాళ్లం. పిల్లలతో పాటు బస్సుల్లో నిలబడి వచ్చేవాడు, బస్టాండు హోటల్లో వాళ్లతో కూర్చునే ఉగ్గాని తినేవాడు. ఎవరైనా ఇంటికి పోకుండానే జవాబులు నింపుకొస్తే ఇట్టే కనిపెట్టి, అరవకుండా, మళ్లీ పోయి రమ్మనేవాడు. మంచి మనిషి. కానీ ఆయనకు ఒక నియమం ఉండేది. మనం చూడటానికి వెళ్తున్నాం, సరిచేయడానికి కాదు. ఎవరికైనా ప్రాణానికి ముప్పుంటే వెంటనే చెప్పండి, మిగిలిన దేంట్లోనూ చేయి పెట్టకండి అనేవాడు.

ఈ విషయంలో ఆయనతో నేను చాలాసార్లు వాదించాను. విరిగిన మెట్టు కళ్లముందు కనపడుతుంటే ఫొటో తీసుకుని వచ్చేయడం ఏం పని అని అడిగాను. ఆయన నవ్వి, ఒక మెట్టు బాగుచేస్తే రెండోది కూడా మీరే చేయాలి మేడం అనేవాడు. పుస్తకాలు ఎక్కువ చదివితే మనుషులు ఇలా తయారవుతారు కాబోలు అనుకునేదాన్ని.

శివమ్మ ఇల్లు

ఎమ్మిగనూరులో నేతపని వాళ్ల వీధిలో వీరభద్రప్ప అనే పెద్దాయన ఉండేవాడు. ఒకప్పుడు చీరల అంచులు బాగా నేస్తాడని పేరు. కొడుకు జబ్బు చేసి చనిపోయాడు. ఇంట్లో ఇక ఆయన, కోడలు శివమ్మ, అంతే. పిల్లలు లేరు. మగ్గం అమ్మేశారు, ముందుగదిలో మగ్గం గుంత మాత్రం మిగిలింది. శివమ్మ పొద్దున్నే వేరేవాళ్ల షెడ్డులో మగ్గం నేయడానికి పోయి సాయంత్రానికి వచ్చేది.

వీరభద్రప్పకు మతి తప్పింది. మనిషి గట్టిగానే ఉన్నాడు కానీ ఏ కాలంలో ఉన్నాడో ఆయనకు తెలియదు. తువ్వాలు మడత పెట్టి చంకలో పెట్టుకుని, చీర ఇచ్చి వస్తానని బయల్దేరేవాడు. మొదటి రెండుసార్లు మా పిల్లలు ముందే చెప్పి వెళ్లారు కాబట్టి శివమ్మ ఇంట్లోనే ఉంది, అన్నిటికీ సరిగ్గా జవాబులు చెప్పింది. ఆ తరువాత ఒకసారి రిజ్వానా అనుకున్న రోజుకు ముందే వెళ్లింది. బయట గొళ్లెం వేసి ఉంది. లోపల ఎవరో తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు వినపడి కిటికీలోంచి చూసింది. పెద్దాయన స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పాత చీర చించి పేనిన పేలిక ఒక కొస ఆయన చీలమండకు, రెండో కొస స్తంభానికి కట్టి ఉంది. చేయి చాపితే అందేట్టు నీళ్ల చెంబు, మూతపెట్టిన పళ్లెంలో జొన్నరొట్టె.

రిజ్వానా నాకు ఫోన్ చేసింది. నేను దొరికిన బస్సెక్కి వెళ్లేసరికి, ఎవరో చెబితే శివమ్మ కూడా షెడ్డు నుంచి వచ్చేసింది. గడప మీద కూర్చుని ఉంది. నేను ఏమీ అడగకముందే ఆమే మొదలుపెట్టింది.

“దాచల్లని కాదు మేడం. మీరొచ్చే దినం ఇప్పేస్తాంటి. కట్టకుంటే రోడ్డు మీదికి పోతాడు. లారీలు పోయే రోడ్డు అది. ఇంతకుముందు పోయినప్పుడు ఎవరో పుణ్యాత్ములు తెచ్చి ఇడిచిపెట్టినారు. దినామూ ఎవరు తెస్తారు? నేను ఇంట్లో కూచుంటే ఇద్దరికీ కూడు యాడిది?”

తరువాత లోపలికి తీసుకుపోయి మామ కాలు చూపించింది. పేలిక ఒరుసుకోకుండా కింద మెత్తటి గుడ్డ చుట్టింది. చర్మానికి కొబ్బరినూనె రాసి ఉంది. ఒక్క గాటు లేదు. ఆ కాలును అంత జాగ్రత్తగా చూసుకునే మనిషి దాన్నే కట్టేసి పోతోంది.

పెద్ద సార్‌కు చెప్పాను. ఆమె చేస్తున్నది క్రూరత్వం కాదు, గతిలేక చేస్తోంది, ఉన్నదున్నట్టు రాయండి, రిపోర్టులో గట్టిగా చెబుదాం అన్నాడు. రిపోర్టు వచ్చేదాకా ఆ కాలు కట్టులోనే ఉండాలా అని నాకు కోపం వచ్చింది. నాకు తెలిసిన చోట్లకల్లా తిరిగాను. పగలు పూట పెద్దవాళ్లను చూసుకునే చోటు ఆదోనిలో లేదు, ఎమ్మిగనూరులో లేదు. వృద్ధాశ్రమం వాళ్లు మతి తప్పినవాళ్లను చేర్చుకోం అన్నారు. చేర్చుకున్నా పంపనని శివమ్మ ముందే చెప్పేసింది.

మధ్యాహ్నాలు

రిజ్వానా ఎవరికీ చెప్పకుండా ఒక పని మొదలుపెట్టింది. కాలేజీలో పొద్దుటి క్లాసులయ్యాక ఎమ్మిగనూరు బస్సెక్కేది. శివమ్మ దగ్గర అడిగి, గొళ్లెం తీసుకుని లోపలికి పోయి, కట్టు విప్పి, శివమ్మ వచ్చేదాకా పెద్దాయన దగ్గర కూర్చునేది. నాకు వేరే విద్యార్థి ద్వారా తెలిసింది. పిలిచి అడిగితే తల దించుకుని, “సర్వే కోసం పోవడంల్యా మేడం, ఊరికే కూచుంటాండా” అంది. నేను వద్దనలేదు. లోపల సంతోషించాను కూడా.

నేను కూడా కొన్నిసార్లు వెళ్లాను. ఆ మధ్యాహ్నాలు ఇప్పటికీ బాగా గుర్తున్నాయి. మొదట్లో ఆయనను వీధి చివర అంగడి దాకా నడిపించి తీసుకొచ్చేది. చీర ఇచ్చి రావాలని ఆయన అంటే, ఇచ్చేసి వచ్చాం కదా తాతా అనేది. ఆయన నమ్మేవాడు. తరువాత ఒకరోజు అటక మీద పాత రాట్నం కనపడితే కిందికి దించి, తుడిచి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. శివమ్మ షెడ్డు నుంచి కాస్త నూలు తెచ్చి ఇచ్చింది. కొడుకు చనిపోయిన సంగతి గుర్తులేని మనిషి రాట్నం మీద నూలు కండె చుట్టడం మొదలుపెడితే దారం ఎక్కడా వదులు కాలేదు.

ఆయన ఇంటిభాష సగం కన్నడం. రిజ్వానాను తాయీ, అంటే తల్లీ, అని పిలిచేవాడు.

“మీ ఇంట్లో ఎన్ని మగ్గాలుండాయి తాయీ?” అని అడిగాడు ఒకసారి, నేను అక్కడ ఉండగానే.

“మగ్గాల్లేవు తాతా. మా నాయిన మిషన్ కుడతాడు.”

“మిషనా. అయితే నీకు నూలు తెల్దు. ఈడ కూచో, నేర్పిస్తా.”

ఆ రోజు నుంచి ఆమెకు నేర్పడం ఆయన పని అయింది. నేర్పింది మరిచిపోయి మర్నాడు మళ్లీ మొదటి నుంచి నేర్పేవాడు. ఆమె కూడా మళ్లీ మొదటి నుంచి నేర్చుకునేది. ఆయన తన చేత్తో తినడం మొదలుపెట్టాడు. బయటికి పోవాలనే ఆరాటం తగ్గింది. శివమ్మ ఆయన చుట్టిన కండెలు షెడ్డుకు తీసుకుపోయి వాడుకునేది. కొన్నాళ్లకు పొద్దుటిపూట కూడా కట్టడం మానేసింది. తలుపులు వేసి, రాట్నం ముందు పెట్టి పోయేది. ఆయన అక్కడే కూర్చుని ఉండేవాడు.

ఇదంతా పెద్ద సార్‌కు చెప్పక తప్పలేదు. చెబితే ఆయన ముందు లెక్క గురించి మాట్లాడాడు. మన మనిషి వల్ల ఆ ఇల్లు మారిపోయింది కాబట్టి సర్వేలోంచి ఆ ఇంటిని తీసేయమన్నాడు. తరువాత, ఆ అమ్మాయి ఎన్నాళ్లు పోగలదు, ఆమె తరువాత ఎవరు పోతారు అని అడిగాడు. ఆయన అడిగిన తీరు నాకు నచ్చలేదు. చూద్దాం సార్ అని వచ్చేశాను. కళ్లముందు ఒక మనిషి తేరుకుంటుంటే ఇదా అడగాల్సింది అనుకున్నాను.

పత్తి తీసే రోజులు

రిజ్వానాకు కర్నూలులో పీజీ సీటు వచ్చింది. వాళ్ల ఇంట్లో అంతదాకా చదివిన ఆడపిల్ల లేదు. వాళ్ల నాన్న మిఠాయి పట్టుకుని కాలేజీకి వచ్చాడు. హాస్టల్లో ఉండి చదవాలి. ఆమెకు సంతోషం సగమే. నా దగ్గరకొచ్చి, ఒక ఏడాది ఆగి చేరితే ఏమవుతుంది మేడం అని అడిగింది. ఆ ప్రశ్న ఎందుకో నాకు తెలుసు. చేరమనే చెప్పాను. ఇప్పుడడిగినా అదే చెబుతాను.

ఉన్నపళంగా వదిలేసి పోలేదు ఆ పిల్ల. పక్కింటావిడతో మాట్లాడి మధ్యాహ్నాలు కూర్చునేలా ఒప్పించింది. రాట్నం ముందు ఆయనను ఎలా కూర్చోబెట్టాలో, చీర సంగతి ఎత్తితే ఏమనాలో ఆమెకు నేర్పింది. నేను ఇంకో ఇద్దరు విద్యార్థులను పంపాను. సర్వే ముగిశాక వాళ్లూ పరీక్షల్లో పడ్డారు. నేను ఆదివారాలు వెళ్లేదాన్ని, కుదిరినప్పుడు. పక్కింటావిడ మాట తప్పలేదు, కానీ పత్తి తీసే రోజులు వచ్చేసరికి ఆమె కూడా చేలకు పోవాల్సి వచ్చింది. ముందే శివమ్మకు చెప్పే పోయింది. ఎవరిని తప్పుపట్టాలో వెతుకుతూ నేను చాలాకాలం గడిపాను. ఎవరూ దొరకలేదు.

ఒకరోజు మధ్యాహ్నం శివమ్మ ఫోన్ చేసింది. “మామ కనపడల్యా మేడం” అంది. వెనకతలుపు గడియ ఊడి ఉంది. బస్టాండు, సంత, గుడులు, రోడ్డుకు అటూ ఇటూ ఉన్న వీధులు, అన్నీ వెతికాం. షెడ్డువాళ్లు మగ్గాలు ఆపి వచ్చారు. మర్నాడు మంత్రాలయం పోయే రోడ్డు పక్క పత్తి తీసేవాళ్లు చేలకు నీళ్లు మళ్లించే ఒక మడవలో ఆయనను చూశారు. పడిపోయి ఉన్నాడు. ప్రాణం ఉంది. తుంటి విరిగింది.

కర్నూలు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ రిజ్వానా క్లాసుల మధ్యలో వచ్చి కూర్చునేది. ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. ఇంటికి తెచ్చాక మంచం దిగలేదు. శివమ్మ షెడ్డు పని మానుకుని చూసుకుంది. అటు తిప్పి ఇటు తిప్పి, ఒళ్లు తుడిచి, పుండు పడకుండా చూసుకుంది. ఉగాది అయిన కొన్నాళ్లకు ఆయన పోయాడు.

శివమ్మ చెప్పిన మాట

దినాలయ్యాక రిజ్వానా, నేను కలిసి ఎమ్మిగనూరు వెళ్లాం. శివమ్మ చాప వేసి కూర్చోబెట్టింది. టీ ఇచ్చింది. రిజ్వానాను చదువు ఎలా సాగుతోందని అడిగింది, హాస్టలు తిండి గురించి అడిగింది. కాసేపటికి, మేము అడగకుండానే, ఆ రోజు సంగతి చెప్పింది.

“ఆ గడియ ఊడుతుందని నాకు తెలుసు మేడం. పక్కింటామె చేనికి పోయినాదని తెలుసు. పొద్దున పోయేటప్పుడు కట్టల్లనే అనుకున్నా. పేలిక చేతికి తీసుకున్నా. చేతులు రాల్యా.”

ఖాళీ గ్లాసులు తీసి పక్కన పెట్టింది. మళ్లీ అంది.

“ముందర దినామూ కట్టేదాన్నే. ఏమీ అనిపించేది కాదు. ఈ పాప వచ్చినాక ఆయన మళ్లా మనిషైనాడు. మనిషిని ఎట్ల కట్టేది?”

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ గొంతు గుర్తుచేసుకుంటే, ఆ పిల్లకు ఆమె కృతజ్ఞతే చెప్పిందని అనిపిస్తుంది. రిజ్వానా తల వంచుకుని వింది. వచ్చేటప్పుడు తనే శివమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

ఇప్పుడు

పెద్ద సార్ రిపోర్టులో ఆ ఇల్లు లేదు. కానీ చివర్లో, పేరు లేకుండా, ఇంట్లో పెద్దవాళ్లను కట్టేసి పనికి పోవాల్సి వస్తున్నవాళ్ల గురించి ఆయన స్వయంగా రాశాడు. పగలు చూసుకునే చోటు ఒకటి కావాలని రాశాడు. నేను ఆయనను మనసులో అన్న మాటలకు ఆ పేరా చదివినప్పుడు బాధపడ్డాను. ఆ చోటు ఇంతవరకూ రాలేదు.

ఆయన నియమం సరైందని మీకు చెప్పమంటే మాత్రం చెప్పలేను. ఆ కాలు అలాగే కట్టులో ఉండి ఉంటే వీరభద్రప్ప ఇంకొన్నేళ్లు బతికేవాడేమో. స్తంభం దగ్గర బతికేవాడు. రిజ్వానా చేసింది తప్పని నేను అనను, మీరూ అనకండి. ఒక్కటే చెబుతాను. మీరు ఏ ఇంట్లోనైనా చేయి పెడితే, పెట్టిన రోజే ఆ ఇంటివాళ్లతో కూర్చుని, నేను రాలేని రోజు ఏం చేద్దాం అని మాట్లాడండి. ఆ రోజు వచ్చాక కాదు. మాట్లాడినా ఏ దారీ దొరక్కపోవచ్చు. అప్పుడు కనీసం వాళ్లకు ముందే తెలుస్తుంది.

రిజ్వానా పీజీ బాగా పాసయింది. తరువాతి సర్వేకు సూపర్‌వైజరుగా రమ్మని పిలిచాను. రానంది. కారణం నేను అడగలేదు. ఇప్పుడు కౌతాళం వైపు ఒక బడిలో టీచరు. పిల్లలకు ఆమెంటే చాలా ఇష్టమని విన్నాను. ముసలివాళ్లతో అంత ఓపికగా మాట్లాడగలిగిన విద్యార్థి నాకు మళ్లీ దొరకలేదు.

శివమ్మ ఇంకా అదే షెడ్డులో నేస్తోంది. రిటైరయ్యాక నాకు తీరిక ఎక్కువై అప్పుడప్పుడూ వెళ్తుంటాను. వెళ్లిన ప్రతిసారీ ఆ పాప ఎట్లుండాది అని అడుగుతుంది. మొన్న వెళ్లినప్పుడు కాసేపు తటపటాయించి, “ఒక్కమారు కూడా రాకపాయె. నేనేమన్నా అనకూడని మాట అన్న్యానా మేడం?” అంది. ఏమీ అనలేదని చెప్పాను. అయితే ఒకసారి రమ్మని చెప్పండి, చూడాలని ఉంది అంది.

ఆ సాయంత్రమే రిజ్వానాకు ఫోన్ చేసి చెప్పాను. శివమ్మ నిన్ను తప్పుపట్టలేదు తల్లీ, ఆ రోజు ఆమె చెప్పింది నువ్వు వేరేగా తీసుకున్నావేమో అన్నాను.

“నాకు తెలుసు మేడం,” అంది రిజ్వానా. “ఆమె తిట్టింటే ఎప్పుడో వాళ్లింటికి పోయేదాన్ని.”